పస్కా కథ యూదులకు ఏమిటి, క్రైస్తవులకు ఏమిటి: తరచుగా అడిగే ప్రశ్నలు

పస్కా కథ బైబిల్లో ఎక్కడుంది?

నిర్గమకాండం 1 నుంచి 15వ అధ్యాయం దాకా. ఆయువుపట్టు మాత్రం 12వ అధ్యాయం. ఐగుప్తులో ఇటుకలు చేస్తూ వెట్టిచాకిరీలో మగ్గుతున్న ఇశ్రాయేలీయులను ఫరో వదలనంటాడు. తొమ్మిది తెగుళ్లు వచ్చినా మొండికేస్తాడు. పదో తెగులులో ఐగుప్తు తొలిచూలు బిడ్డలు ఒక్క రాత్రిలో చనిపోతారు. గొర్రెపిల్ల రక్తం పూసిన ఇళ్లను మాత్రం ఆ మరణం దాటిపోతుంది. ఆ రాత్రే జనం బయలుదేరుతారు, 14వ అధ్యాయంలో సముద్రం దాటుతారు.

చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి. తొమ్మిది తెగుళ్లు ముగిసి కథ మంచి పట్టుమీద ఉండగా 12వ అధ్యాయం కథను ఆపేసి తేదీలు, మాంసం కాల్చే పద్ధతి, మిగిలినదాన్ని ఏం చేయాలి అన్నవి చెప్పడం మొదలుపెడుతుంది. విడుదల ఇంకా జరగనే లేదు, దాన్ని ఏటేటా ఎలా గుర్తు చేసుకోవాలో ముందే చెప్పేశారు. పస్కా రాత్రి యూదులు ఇంట్లో చేసే సేడర్ భోజనమైనా, క్రైస్తవులు రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల అయినా ఈ స్వభావంలోంచే వచ్చాయి. ఇది చెప్పుకుని ఊరుకునే కథ కాదు, కూర్చుని తినే కథ.

మొదటి పస్కాకు చెప్పిన పద్ధతి ఏమిటి?

మొదటి నెల పదో తేదీన ఇంటికొక పిల్లను ఎంచుకోవాలి. గొర్రె కానీ మేక కానీ, మగది, ఏడాదిది, ఏ లోపమూ లేనిది. ఇంట్లో మనుషులు తక్కువైతే పొరుగింటితో కలవాలి. ఎవరు ఎంత తింటారో లెక్క చూసుకోవాలి. పద్నాలుగో తేదీ దాకా ఉంచి సాయంకాలం వధించాలి. పళ్లెంలోని రక్తంలో హిస్సోపు మొక్క కుంచె ముంచి ద్వారబంధపు రెండు నిలువు కమ్ములకు, పైకమ్మికి పూయాలి. తెల్లారేదాకా ఎవరూ గడప దాటకూడదు.

మాంసం నిప్పు మీదే కాల్చాలి. పచ్చిగా తినకూడదు, నీళ్లలో ఉడకబెట్టకూడదు. తల, కాళ్లు, లోపలి భాగాలతో సహా ఒకే ముక్కగా కాల్చాలి, ఎముక విరవకూడదు. పొంగని రొట్టె, చేదుకూరలు దాంతోపాటు తినాలి. నడుము కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని త్వరత్వరగా తినాలి. తెల్లవారే సరికి ఏదీ మిగలకూడదు, మిగిలితే కాల్చేయాలి.

తర్వాతి కాలపు రబ్బీలు, అంటే యూదు మత బోధకులు, వీటిని ఇంకా తరచి చూశారు. గొర్రెను గుచ్చే చువ్వ ఇనుముది కాకూడదని, దానిమ్మ కర్రది కావాలని వారి బోధల సంకలనమైన మిష్నా చెబుతుంది. ఇనుము వేడెక్కితే లోపలి మాంసం ఆ లోహపు వేడికి ఉడుకుతుంది, అది నిప్పు మీద కాల్చినట్టు కాదు. పచ్చికర్ర అయితే నీరు వదిలి ఉడకబెట్టినట్టవుతుంది. దానిమ్మ కర్రతో ఆ ఇబ్బంది ఉండదని ఎంచారు.

సమయానికి మైలపడినవారు, దూర ప్రయాణంలో ఉన్నవారు ఏం చేయాలి? సంఖ్యాకాండం 9వ అధ్యాయం వారికి సరిగ్గా నెల తర్వాత, రెండో నెల పద్నాలుగున, మరో అవకాశం ఇచ్చింది. ధర్మశాస్త్రంలో తప్పిపోయిన పండుగకు ఇలా రెండో తేదీ ఇవ్వడం మరెక్కడా కనిపించదు.

ద్వారబంధానికి పూసిన రక్తం ఇశ్రాయేలీయుల పాపాలు కడిగిందా?

మన ప్రసంగాల్లో తరచూ వినిపించే మాటే, కానీ నిర్గమకాండం 12 ఆ మాట అనదు. ఆ అధ్యాయమంతా వెతికినా పాపం, క్షమాపణ, ప్రాయశ్చిత్తం అన్న మాటలు దొరకవు. రక్తం అక్కడ 'గురుతు'. మరణం నుంచి కాపాడే గురుతు, ఈ ఇల్లు ఎవరి పక్షమో చెప్పే గురుతు. పాప పరిహారానికి ధర్మశాస్త్రంలో వేరే బలులున్నాయి: లేవీయకాండం 4లోని పాపపరిహారార్థ బలి, 16లో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు.

ఆ గురుతు తలుపుకు ఏ వైపున పూశారన్న దానిమీద కూడా పాత రబ్బీల మధ్య వాదం నడిచింది. 'ఆ రక్తము మీకు గురుతుగా ఉండును' అని ఉంది కాబట్టి లోపలివైపే, ఇంట్లోవాళ్లకు కనిపించేలా, అన్నారు కొందరు. కాదు, ఐగుప్తీయులు చూసేలా బయటివైపే అన్నారు మరికొందరు. మొదటి అర్థంలో రక్తం లోపలివారి నమ్మకానికి ఆసరా. రెండో అర్థంలో యజమానుల కళ్లెదుటే చేసిన తిరుగుబాటు.

పస్కా గొర్రెపిల్లకు పాపాన్ని మోసే అర్థం కొత్త నిబంధనలో స్పష్టంగా వస్తుంది. 'లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల' అని యోహాను 1:29లో ఉన్న మాటలో పస్కా పిల్ల, యెషయా 53లో వధకు తేబడిన గొర్రెపిల్ల, పాపపరిహార బలి మూడూ కలిసిపోయాయని వ్యాఖ్యాతలు చూపిస్తారు. అది క్రైస్తవ విశ్వాసానికి మూలస్తంభం. అయినా నిర్గమకాండం బోధించేటప్పుడు మొదట ఆ అధ్యాయం ఏమంటుందో చెప్పి, తర్వాత కొత్త నిబంధన దానికి ఏం జోడించిందో చెబితే వినేవారికి రెండూ తేటగా అర్థమవుతాయి. మొదటే కలిపేస్తే బానిసల విడుదల అన్న అసలు సంగతి కనబడకుండా పోతుంది.

యూదులకు ఈ కథ సారం ఏమిటి?

వాళ్లు ఒక జనాంగంగా పుట్టిన రాత్రి ఇది. పది ఆజ్ఞల మొదటి వాక్యంలో దేవుడు తన్ను తాను భూమ్యాకాశాలను చేసినవాడినని పరిచయం చేసుకోడు, దాసుల గృహమైన ఐగుప్తు నుంచి నిన్ను రప్పించినవాడినని చెప్పుకుంటాడు. పరదేశిని బాధించకూడదు, దాసుడికి సబ్బాతు విశ్రాంతి ఇవ్వాలి, తప్పుడు తూకాలు వాడకూడదు వంటి ఆజ్ఞలకు కూడా ధర్మశాస్త్రం చెప్పే కారణం అదే: మీరూ ఐగుప్తులో ఉన్నవారే.

ప్రతి తరంలోనూ ప్రతి మనిషీ తానే ఐగుప్తు నుంచి బయటికి వచ్చినట్టు తన్ను తాను చూసుకోవాలన్నది మిష్నా పెట్టిన నియమం. అందుకే ఆ రాత్రి తండ్రి బిడ్డతో 'వాళ్లకు' జరిగింది అనడు, 'నాకు' జరిగింది అంటాడు. ఆ రాత్రి చదివే హగ్గదా పుస్తకంలో మోషే పేరు దాదాపుగా లేదు. ఒక వచనం ఉదహరించినప్పుడు తగిలిపోతుంది, అంతే. విడిపించినవాడు దేవుడు, మనిషి కాదు అని చెప్పడానికే ఇలా కూర్చారని సాధారణంగా వివరిస్తారు.

ఇప్పుడు గొర్రెపిల్లను ఎందుకు బలివ్వరు?

ద్వితీయోపదేశకాండం 16 ప్రకారం పస్కా బలి దేవుడు ఏర్పరచుకున్న స్థలంలోనే జరగాలి. అది యెరూషలేము దేవాలయం. క్రీ.శ. 70లో రోమా సైన్యం దాన్ని నాశనం చేసింది. అప్పటి నుంచి యూదుల పస్కాలో బలి లేదు. సేడర్ పళ్లెంలో కాల్చిన ఎముక ముక్క ఒకటి మాత్రం ఉంచుతారు, దాన్ని తినరు. శాకాహార కుటుంబాలు దాని స్థానంలో కాల్చిన బీట్‌రూట్ పెడతాయి. ఇదేమీ కొత్త పోకడ కాదు, పళ్లెంలో పెట్టడానికి బీట్ దుంప, అన్నం కూడా సరిపోతాయన్న రబ్బీ మాట మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథమైన తల్మూదులోనే ఉంది.

వెయ్యి మంది కూడా లేని సమరయులు మాత్రం గెరిజీము కొండ మీద ఈనాటికీ ఏటా గొర్రెలను వధించి, గోతుల్లో కాల్చి తింటారు.

పులియని రొట్టె ఎలా చేస్తారు? ఆ 18 నిమిషాల లెక్క ఏమిటి?

మత్సా అనే ఈ రొట్టెకు కావలసినవి పిండి, నీళ్లు, అంతే. గోధుమ, బార్లీ, స్పెల్ట్, రై, ఓట్స్ అనే ఐదు ధాన్యాల్లో ఒకదాని పిండి కావాలి. నీళ్లు పిండికి తగిలిన క్షణం నుంచి 18 నిమిషాల లోపు రొట్టె కాలిపోవాలి. అంతకు మించి పిండి కదలకుండా పడి ఉంటే పులియడం మొదలైనట్టే అని రబ్బీల లెక్క. నీళ్లు ముందు సాయంత్రమే పట్టి రాత్రంతా చల్లగా ఉంచినవి కావాలి, గోరువెచ్చని నీళ్లయితే పిండి తొందరగా పులుస్తుంది. పొంగకుండా రొట్టె నిండా చిల్లులు పొడుస్తారు.

చేత్తో చేసే చోట ప్రతి విడతకూ బల్ల తుడిచి, అప్పడాల కర్రలు మార్చి, చేతులు కడుక్కుంటారు. పాత పిండి రవ్వంత అంటుకుని ఉన్నా అది కొత్త ముద్దను పాడుచేస్తుంది. ఎక్కువగా జరిగే తప్పులు రెండు. పొయ్యిలో రొట్టె మడత పడితే ఆ మడత లోపలికి వేడి సరిగా చేరదు. నడుమ బుడగలా ఉబ్బినా అంతే. మడతపడిన భాగాన్ని, ఉబ్బిన భాగాన్ని తీసి పారేస్తారు.

చపాతీ పులియనిదే కదా, చెల్లుతుందా? మరి ఇడ్లీ, అన్నం?

చపాతీలో ఈస్టు లేకపోయినా చెల్లదు. కలిపిన పిండిని మనం అరగంట నాననిస్తాం, అక్కడే 18 నిమిషాలు దాటిపోతాయి. పిండి మరలో తడి తగిలిందా లేదా అన్న పర్యవేక్షణా ఉండదు.

ఇడ్లీ సంగతి వింటే ఆశ్చర్యపోతారు. రాత్రంతా పులిసిన పిండి అయినా, ధర్మశాస్త్రం నిషేధించిన 'హమేత్స్' (ఆ ఐదు ధాన్యాల్లో పులిసినది) కిందికి అది రాదు. బియ్యం, మినప్పప్పు ఆ ఐదు ధాన్యాల్లో లేవు. అవి పులిస్తే పాడైనట్టే కానీ హమేత్స్ అయినట్టు కాదని తల్మూదు తేల్చింది. అయితే తూర్పు, మధ్య యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు బియ్యం, పప్పులు, మొక్కజొన్న కూడా ఆ వారం మానేస్తారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదుల్లో, మధ్యప్రాచ్య యూదుల్లో చాలామంది అన్నం తింటారు, కొన్ని ఇళ్లలో బియ్యాన్ని గింజ గింజా చూసి మూడుసార్లు ఏరాకే వండుతారు. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖవారు 2015లో అష్కెనాజీలకూ అనుమతి ఇచ్చారు. కాబట్టి 'యూదులు పస్కాలో అన్నం తినరు' అని ఒక్క మాటలో తేల్చేయకండి, ఏ ఇల్లు అని అడగాలి.

ఇంట్లో పులిసినదేదీ ఉండకూడదంటే ఎలా తీసేస్తారు?

తినకపోవడం ఒక్కటే సరిపోదు, అది మీ సొత్తుగా కూడా ఉండకూడదు. వారాల ముందు నుంచే ఇల్లు దులుపుతారు. పస్కా వచ్చే మొదటి నెల నీసాను. ఆ నెల 14వ తేదీకి ముందు రాత్రి కొవ్వొత్తి వెలుగులో, ఈక, చెక్క గరిటె పట్టుకుని మూలమూలా వెతుకుతారు. వెతుకులాట వట్టిదే కాకుండా చాలా ఇళ్లలో పది రొట్టె ముక్కలు ముందే దాచిపెడతారు. ఎక్కడ దాచారో రాసిపెట్టుకోకపోతే తొమ్మిదే దొరికి ఇల్లంతా మళ్లీ తిరగేయాలి. దొరికినవాటిని మర్నాడు ఉదయం కాల్చి, కంటబడనిది ఏమైనా ఉంటే అది నేల దుమ్ముతో సమానమని ఒక వాక్యం పలుకుతారు. పగటిని పన్నెండు భాగాలు చేస్తే నాలుగో భాగం ముగిసేలోపు తినడం, ఐదో భాగం ముగిసేలోపు కాల్చడం అయిపోవాలి. పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకే రోజైతే పది, పదకొండు గంటలన్నమాట.

పారేయలేనంత సరుకు ఉంటే రబ్బీ ద్వారా యూదేతరుడికి పత్రం రాసి అమ్ముతారు, పండుగ తర్వాత తిరిగి కొంటారు. ఇది ఉత్తుత్తి అమ్మకం కాదు, కొన్నవాడు కావాలంటే మిగతా ధర చెల్లించి సరుకు తీసుకుపోవచ్చు.

సేడర్ రాత్రి ఏ వరసలో ఏం జరుగుతుంది?

సేడర్‌లో 15 మెట్లున్నాయి, వాటి పేర్లు పిల్లలు పాటలా పాడతారు. ముఖ్యమైనవి చూద్దాం. మొదటి ద్రాక్షారసం గిన్నె మీద ప్రార్థన. చేతులు కడుక్కుని పార్‌స్లీ వంటి ఆకును ఉప్పునీళ్లలో ముంచి తినడం. ఆ ఉప్పునీళ్లు బానిసల కన్నీళ్లంటారు. మూడు మత్సాల్లో నడిమిదాన్ని విరిచి పెద్ద ముక్క దాచడం. తర్వాత అందరికంటే చిన్నపిల్ల లేక పిల్లవాడు 'ఈ రాత్రికి మిగతా రాత్రులకూ తేడా ఏమిటి?' అని అడుగుతారు. దానికి జవాబే హగ్గదా: కథ, వచనాల వ్యాఖ్యానం, నలుగురు కొడుకుల ముచ్చట, పది తెగుళ్లు. రెండో గిన్నె.

మళ్లీ చేతులు కడుక్కుని మత్సా తింటారు. తర్వాత చేదుకూర మారోర్. రోమైన్ లెట్యూస్ కానీ తురిమిన హార్స్‌రాడిష్ కానీ వాడి, హరోసెత్‌లో ఒకసారి అద్దుకుని తింటారు. హరోసెత్ అంటే ఇటుకల బంకమట్టికి గుర్తుగా చేసే తీపి ముద్ద. యూరప్ యూదులు ఆపిల్, అక్రోట్లు, దాల్చినచెక్క, ద్రాక్షారసంతో చేస్తే, ఇరాక్ మూలాలవారు ఖర్జూరంతో చేస్తారు. మత్సా తినేటప్పుడు, ద్రాక్షారసం తాగేటప్పుడు స్వతంత్రుల్లా ఎడమవైపు ఒరుగుతారు. మారోర్ తినేటప్పుడు ఒరగరు, అది బానిసత్వపు రుచి కాబట్టి. ఆపైన అసలు భోజనం, దాచిన ముక్క వెతికి తినడం, మూడో గిన్నె, ఏలీయా ప్రవక్త కోసం తలుపు తెరవడం, 113 నుంచి 118 దాకా ఉన్న హల్లేలు కీర్తనల్లో మిగిలినవి పాడడం, నాలుగో గిన్నె. నాలుగు గిన్నెలూ నిర్గమకాండం 6:6–7లోని నాలుగు వాగ్దానాలకు గుర్తు అంటారు.

కొలతలు కూడా ఉన్నాయి. గిన్నెకు కనీసం 86 మిల్లీలీటర్లు అని ఒక లెక్క, 150 అని ఇంకో లెక్క. మత్సా, మారోర్ 'ఒలీవ కాయంత' అయినా తినాలి. ఇష్టం లేనివారికి, ఆరోగ్యం ఒప్పనివారికి ద్రాక్షపండ్ల రసం చెల్లుతుంది.

సేడర్ చెడేది ఎక్కువగా కథ చెప్పే భాగంలోనే. పెద్దలు వ్యాఖ్యానాల్లో పడిపోతే రాత్రి పదికి కూడా అన్నం రాదు, ఎవరి కోసం ఇదంతా చేస్తున్నారో ఆ పిల్లలు నిద్రపోతారు. దాచిన ముక్కను అర్ధరాత్రిలోపు తినాలన్న నియమమూ తప్పుతుంది. ముక్క దాచడం, దొరికించినవారికి బహుమతి ఇవ్వడం లాంటివి పిల్లలను మేలుకొని ఉంచడానికే.

ఐగుప్తు బిడ్డలు చనిపోయారు కదా, దాన్ని పండుగ ఎలా చేసుకుంటారు?

ఈ ప్రశ్న యూదులకూ కొత్త కాదు. పది తెగుళ్ల పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షారసాన్ని వేలితో తీసి పళ్లెంలో వదులుతారు. ఇతరులు బాధపడిన చోట మన గిన్నె నిండుగా ఉండకూడదని దానికి నేడు చెప్పే వివరణ. ఐగుప్తు సైన్యం మునిగిపోతుంటే దేవదూతలు పాడబోయారని, 'నా చేతి పనులు సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాడతారా?' అని దేవుడు వారించాడని తల్మూదులో ఒక ముచ్చట ఉంది. పండుగ చివరి రోజుల్లో హల్లేలు కీర్తనలను పూర్తిగా పాడకపోవడానికి దీన్నే కారణంగా చూపేవారున్నారు. పస్కా ముందురోజు యూదుల ఇళ్లలో తొలిచూలు మగబిడ్డలు ఉపవాసం ఉంటారు. తమ తొలిచూలు ఆ రాత్రి బతికి బయటపడ్డదని మరచిపోకూడదు.

ఇవన్నీ ఆ ప్రశ్నను తీర్చేస్తాయని అనలేం. పక్కకు నెట్టకుండా బల్ల మీదే పెట్టాయి.

క్రైస్తవులకు ఈ కథలో ముఖ్యం ఏది?

'క్రీస్తు అను మన పస్కా పశువు వధింపబడెను' అని పౌలు 1 కొరింథీయులకు 5:7లో రాశాడు. ఈ మాట క్రీ.శ. 50ల నాటిది, సువార్తలకంటే పాతది. అక్కడ పౌలు సిద్ధాంతం చెప్పడానికి కూర్చోలేదు. సంఘంలో జరుగుతున్న తప్పును ఖండిస్తూ, పస్కా పిల్ల వధ అయిపోయింది, ఇంట్లో పాత పులిపిండి ఇంకా ఎందుకుంచారు అని నిలదీస్తున్నాడు. యూదుల ఇంట్లో ఆ ఉదయం జరిగే పని తెలిస్తేనే ఆ పోలిక సూటిగా తగులుతుంది.

యోహాను సువార్త సిలువ దగ్గర ఇంకా దగ్గరి పోలికలు చూపిస్తుంది: హిస్సోపు పుడకకు తగిలించిన స్పంజి, విరవని కాళ్లు, 'వాని యెముకలలో ఒకటైనను విరువబడదు' అన్న లేఖనం. సముద్రం దాటడాన్ని పౌలు 1 కొరింథీయులకు 10లో బాప్తిస్మంతో పోల్చాడు. అందుకే కాథలిక్కుల పాస్కా జాగరణలో (ఈస్టర్ ముందురాత్రి ఆరాధనలో) పాత నిబంధన పఠనాలు ఎన్ని తగ్గించినా నిర్గమకాండం 14ను వదలకూడదు. పవిత్ర గురువారం సాయంత్రపు పూజలో మొదటి పఠనం నిర్గమకాండం 12.

యూదుల చదువులో కేంద్రం విడుదలైన జనం, వారు చేరబోయే సీనాయి. క్రైస్తవుల చదువులో కేంద్రం వధింపబడిన గొర్రెపిల్ల, పునరుత్థానం.

యేసు చివరి భోజనం పస్కా భోజనమేనా?

మత్తయి, మార్కు, లూకా అవునంటారు. మార్కు 14:12 స్పష్టంగా పస్కా పశువును వధించే దినమని చెబుతుంది. యోహాను ప్రకారం మాత్రం యేసును పిలాతు దగ్గరికి తెచ్చిన ఉదయానికి పస్కా ఇంకా తినలేదు (18:28). అంటే గొర్రెపిల్లలను వధించే వేళకే సిలువ. ఈ రెండు వర్ణనల వెనుక వేర్వేరు క్యాలెండర్లు ఉన్నాయన్న వాదం, యోహాను దేవుని గొర్రెపిల్ల అర్థం కోసం అలా చూపాడన్న వాదం వంటివి ఉన్నాయి. పండితులు ఇంతవరకు ఏకాభిప్రాయానికి రాలేదు.

అది పస్కా భోజనమే అనుకున్నా, నేటి సేడర్ మాత్రం కాదు. ఈనాటి సేడర్ రూపం దేవాలయం కూలాక వచ్చింది, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో దాని చట్రం కనిపిస్తుంది. రొట్టె, ద్రాక్షారసం, స్తోత్రం, మార్కు 14:26లో చెప్పిన కీర్తన (బహుశా హల్లేలు) దాకా ధైర్యంగా చెప్పవచ్చు. 'యేసు ఎత్తినది మూడో గిన్నె, దాచిన ముక్క ఆయన శరీరం' అంటూ హగ్గదా చేతబట్టుకుని వివరించేవారు తర్వాతి కాలపు ఆచారాన్ని వెనక్కి మోసుకెళ్తున్నారు.

ప్రభు బల్లలో పులియని రొట్టే వాడాలా?

కాథలిక్కులు పులియని అప్పం వాడతారు, ఆర్థడాక్స్ సంఘాలు ఎక్కువగా పులిసిన రొట్టె వాడతాయి. 1054 నాటి తూర్పు–పడమర చీలికలో ఈ రొట్టె గొడవ కూడా ఒకటి. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎవరి అలవాటు వారిది.

మన దేశంలోనే చూడదగిన ఆచారం కేరళలోని మార్ తోమా నస్రానీ క్రైస్తవులది. పవిత్ర గురువారం రాత్రి ఇంట్లోనే బియ్యప్పిండి, మినుములతో పులియబెట్టకుండా పెసహా అప్పం చేసి, మట్టలాదివారం తెచ్చుకున్న లేత కొబ్బరాకుతో దాని మీద సిలువ గుర్తు పెడతారు. ఇంటిపెద్ద ప్రార్థన చేసి విరిచి, కొబ్బరిపాలు బెల్లం కలిపిన పాలతో అందరికీ ఇస్తాడు. ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లో చేయరు, పొరుగువారు తెచ్చి ఇస్తారు.

పస్కా, ఈస్టర్ కొన్నేళ్లు కలిసి, కొన్నేళ్లు నెల తేడాతో ఎందుకు వస్తాయి?

పస్కా నీసాను 15 రాత్రి, అంటే పౌర్ణమి వేళ. యూదుల క్యాలెండర్ మన పంచాంగంలాగే చాంద్రసౌరమానం; మనకు అధికమాసం వచ్చినట్టు వాళ్లకు 19 ఏళ్లలో 7 సార్లు అదారు నెల రెండుసార్లు వస్తుంది. ఈస్టర్‌ను 325 నాటి క్రైస్తవ బిషప్పుల నీకేయా సభ తర్వాత యూదుల లెక్కతో సంబంధం లేకుండా నిర్ణయించారు: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం. అంతకు ముందు చిన్నాసియా (నేటి టర్కీ) క్రైస్తవులు చాలామంది నీసాను 14నే, ఏ వారమైనా సరే, జరుపుకునేవారు.

2026లో సేడర్ ఏప్రిల్ 1 సాయంత్రం, ఈస్టర్ ఏప్రిల్ 5. 2027లో యూదులకు అధికమాసం, కాబట్టి ఈస్టర్ మార్చి 28నే అయిపోయి, సేడర్ ఏప్రిల్ 21 సాయంత్రం వస్తుంది. జూలియన్ క్యాలెండర్ లెక్క వాడే ఆర్థడాక్స్ ఈస్టర్ ఆ ఏడు మే 2.

ఈ కథ చరిత్రలో జరిగిందా?

ఐగుప్తు శాసనాల్లో ఈ నిర్గమనం గురించి ఏమీ లేదు. ఇశ్రాయేలు అన్న పేరు అక్కడ మొదట కనిపించేది క్రీ.పూ. 1208 ప్రాంతపు ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనంలో, అదీ కనాను ప్రాంతపు జనంగా. 1 రాజులు 6:1 లెక్క పట్టుకుంటే నిర్గమనం క్రీ.పూ. 15వ శతాబ్దంలో పడుతుంది. ఇశ్రాయేలీయులు కట్టారని నిర్గమకాండం చెప్పే రామెసేసు పట్టణం పేరు పట్టుకుంటే 13వ శతాబ్దం. ఆరు లక్షల మంది పురుషులన్న సంఖ్యను అక్షరాలా తీసుకోని పండితులే ఎక్కువ. చిన్న గుంపు ఒకటి బయటపడి ఉంటుందనేవారు వారిలో చాలామంది. పండుగ ప్రాచీనతకు మాత్రం బైబిలు బయట ఆధారం ఉంది: ఐగుప్తులోని ఎలిఫెంటైన్ దీవి యూదు సైనికులకు క్రీ.పూ. 419లో రాసిన ఉత్తరం నీసాను 15 నుంచి 21 దాకా పాటించాల్సిన నియమాలు చెబుతుంది.

మా సంఘంలో సేడర్ చేయాలనుకుంటున్నాం. చేయవచ్చా?

నిర్గమకాండం 12 చదివి, చేదుకూర, పులియని రొట్టె పిల్లలకు రుచి చూపించి వివరించడంలో తప్పేమీ లేదు. హగ్గదా తీసుకుని మధ్యలో క్రైస్తవ అర్థాలు చొప్పించి 'యేసు చేసిన సేడర్ ఇదే' అనడం చారిత్రకంగా తప్పు, యూదులను నొప్పించే పని కూడా.

ఎందుకు నొప్పి అంటే, యూరప్‌లో శతాబ్దాల పాటు పస్కా కాలమే యూదులకు ప్రాణాపాయ కాలం. క్రైస్తవ పిల్లల రక్తాన్ని మత్సాలో కలుపుతారన్న నింద మోపి చంపేవారు. రక్తం తినకూడదన్నది ధర్మశాస్త్రపు గట్టి ఆజ్ఞ. పోపు నాలుగో ఇన్నొసెంటు 1247లోనే ఆ నిందను ఖండించాడు. అయినా 1475లో నేటి ఇటలీలోని ట్రెంటులో యూదులను హింసించి చంపారు, 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవులో ఈస్టర్ రోజున మొదలైన దాడుల్లో 49 మంది చనిపోయారు. ఈ భయంతోనే 17వ శతాబ్దపు పోలండ్ రబ్బీ డేవిడ్ హలేవీ సెగల్, శ్రేష్ఠమైనదిగా ఎంచే ఎర్ర ద్రాక్షారసాన్ని అలాంటి చోట్ల సేడర్‌లో వాడకండని రాశాడు. క్రీస్తు మరణాన్ని యూదులందరి మీదా మోపకూడదని కాథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ సభలో ప్రకటించింది.

సేడర్ చూడాలనుంటే యూదుల ఇంటికి అతిథిగా వెళ్లడం అన్నిటికంటే మంచి దారి.

అమెరికాలో సహోద్యోగి సేడర్‌కు పిలిచారు. ఏం తీసుకెళ్లాలి, ఎలా ఉండాలి?

పూలు తీసుకెళ్లండి. తినేది ఇవ్వాలనుకుంటే 'కోషర్ ఫర్ పాసోవర్' అని ముద్ర ఉన్న సీలు విప్పని ద్రాక్షారసం కానీ చాక్లెట్లు కానీ. కోషర్ అంటే యూదుల ఆహార నియమాలకు సరిపడేది, పాసోవర్ అంటే పస్కా; మామూలు కోషర్ ముద్ర ఈ వారానికి చాలదు. ఇంట్లో చేసిన స్వీట్లు, కేకు, బిస్కెట్లు వద్దు. ఎంత ప్రేమతో చేసినా ఆ ఇంట్లో పెట్టుకోలేరు. మీరు శాకాహారులైతే ముందే చెప్పండి, లేకపోతే కోడిమాంసం సూపు, గొడ్డుమాంసం ముందుకు వస్తాయి. సాయంత్రం ఇంట్లో కాస్త టిఫిన్ తిని వెళ్లండి, భోజనం రావడానికి రెండు గంటలు పట్టవచ్చు. హగ్గదా తలా కొంత చదువుతారు, మీ వంతు వస్తే ఇంగ్లీషులో చదివితే చాలు. నిష్ఠగా పాటించే ఇంట్లో ఫోన్ బయటికి తీయకండి, ఫొటోలు అడగకండి. పళ్లెంలోని ఎముక, గుడ్డు తినేవి కావు, అలాగే ఉంచాలి. హార్స్‌రాడిష్ తురుము కొత్తవారికి ముక్కుకు ఘాటెక్కుతుంది, ముందు కొంచెమే తీసుకోండి.

తెలుగు నేల మీద పస్కా చేసుకునే యూదులు ఉన్నారా?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రపు వారసులమని చెప్పుకుంటూ సబ్బాతు, పస్కా పాటిస్తారు. మాట్లాడేది తెలుగే, మన మధ్య పెరిగినవారే. యూదు సంస్థల నుంచి వారికి పూర్తి గుర్తింపు రాలేదు. వెళ్లి చూడాలనుకునేవారు ముందుగా అనుమతి అడిగి వెళ్లాలి.